ముందు షాకప్‌ల విశేషాలు: ఫోర్కు మార్చేముందు తెలుసుకోదగ్గ సంగతులు

కొత్త బండి కొన్నాక చాలామంది మొదట మార్చేది సైలెన్సరు, ఆ తర్వాత లైట్లు, హ్యాండిల్. ముందు షాకప్‌ల వైపు చూసేది ఆయిలు కారినప్పుడే. బ్రేకు పట్టినా, మలుపు తిరిగినా, గుంతలో పడినా ముందు టైరు రోడ్డును వదలకుండా కాపాడేది అవే. వాటిని మెరుగుపరచడమంటే ఖరీదైన సామాను బిగించడమే అనుకుంటాం. ఉన్న ఫోర్కును, అంటే ఆ షాకప్‌ల జతను, మన బరువుకు, మనం తిరిగే రోడ్డుకు సరిపెట్టుకోవడం అంతకన్నా పెద్ద మెరుగు. ఈ విశేషాలన్నీ చదివాక మీకూ అలాగే అనిపిస్తుందని నా నమ్మకం.

గుంత దాటడానికి పట్టే సమయం

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. ఒక అడుగు పొడవున్న గుంతను దాటడానికి దానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు. అంత తక్కువ సమయంలో ఏ వస్తువైనా తన బరువుతో తాను రెండు మిల్లీమీటర్లు కూడా కిందికి పడలేదు. మరి చక్రం గుంతలోకి ఎలా దిగుతుంది? ఫోర్కులోని స్ప్రింగు దాన్ని కిందికి తోస్తుంది కాబట్టి. మనం షాకప్‌ను దెబ్బ మింగే సామానుగానే చూస్తాం. చక్రాన్ని తిరిగి నేలకు ఆనించడం దాని రెండో పని. ప్రాణాలను కాపాడేది ఎక్కువగా ఆ రెండో పనే.

తొలి బండికి షాకప్‌లే లేవు

1885లో జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మేబాక్ తయారుచేసిన తొలి పెట్రోలు మోటారుసైకిలుకు చెక్క ఫ్రేము, చెక్క చక్రాలు, వాటికి ఇనుప పట్టాలు. ముందు చక్రానికి స్ప్రింగు లేదు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు చక్రాన్ని పట్టుకున్న చట్రం మొత్తం చిన్న లింకుల మీద ఊగుతూ, ఒక స్ప్రింగు మీద ఆనే పద్ధతి రాజ్యమేలింది. దాన్నే గర్డర్ ఫోర్కు అంటారు. పాత సినిమాల్లో, పాత ఫొటోల్లో హెడ్‌లైటు దగ్గర నిలువుగా ఒక పెద్ద స్ప్రింగు కనిపిస్తే అది గర్డరే.

గొట్టంలో గొట్టం: 1934, 1935

ఇప్పుడు మన వీధిలో కనిపించే బైకుల్లో దాదాపు అన్నిటికీ ఉన్నది టెలిస్కోపిక్ ఫోర్కు. ఒక గొట్టంలోకి మరో గొట్టం జారుతుంది, లోపల స్ప్రింగు, ఆయిలు ఉంటాయి. ఆల్ఫ్రెడ్ ఆంగస్ స్కాట్ అనే ఇంగ్లండు ఇంజనీరు ఈ తరహా ఆలోచనను ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే తన బండ్లకు వాడాడు. 1934లో డెన్మార్క్ కంపెనీ నింబస్ ఈ ఫోర్కును పెద్ద ఎత్తున అమ్మే బండికి పెట్టింది. అయితే అందులో ఆయిలుతో కుదుపును అదుపు చేసే ఏర్పాటు లేదు. ఆ లోటును 1935లో బీఎండబ్ల్యూ తన ఆర్12, ఆర్17 బండ్లతో తీర్చింది. స్ప్రింగు కనుక్కున్నాక ఆయిలు అవసరం తెలిసిరావడానికి ఇంతకాలం పట్టిందంటే, ఫోర్కులో కష్టమైన భాగం ఏదో ఊహించుకోవచ్చు.

రబ్బరు బ్యాండ్ల మీద నడిచిన ఎన్‌ఫీల్డ్

రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్ దళాల కోసం ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ 125 సీసీ బుల్లి బండి తయారుచేసింది. దాని పేరు ఫ్లయింగ్ ఫ్లీ. ఉక్కు బోనులో పెట్టి విమానం నుంచి పారాచూట్‌తో కిందికి దించేవారు. దాని ముందు ఫోర్కులో స్ప్రింగుల బదులు మందపాటి రబ్బరు బ్యాండ్లు ఉండేవి. తేలిక, చవక, తెగితే మార్చడం సులువు. యుద్ధానికి అవే కావాలి.

అదే యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన మ్యాచ్‌లెస్ జీ3ఎల్‌కు 1941లో టెలిస్కోపిక్ ఫోర్కు వచ్చింది. యుద్ధం ముగిశాక మిగతా కంపెనీలూ వరసగా ఆ దారి పట్టాయి. అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ 1949లో మారింది. 1955లో మద్రాసులో తయారీ మొదలైన బుల్లెట్ కూడా ఈ ఫోర్కుతోనే మన దేశానికి వచ్చింది.

విమానం కాళ్ళతో చుట్టరికం

విమానం నేలకు దిగేటప్పుడు దెబ్బను తట్టుకునే కాళ్ళకు, బైకు ముందు ఫోర్కుకు పుట్టిల్లు ఒకటే. జపాన్‌లో 1919లో షిరో కయాబా మొదలుపెట్టిన సంస్థ విమానాల చక్రాల కాళ్ళు చేసింది. అదే నేటి కేవైబీ. 1938లో విమాన భాగాల తయారీకి పుట్టిన షోవా కూడా తర్వాత బైకుల షాకప్‌లలో పేరు తెచ్చుకుంది.

మన బజాజ్ చేతక్‌కూ ఈ చుట్టరికం ఉంది. దాని మాతృక వెస్పాను రూపొందించిన కొర్రాదీనో దాస్కానియో హెలికాప్టర్లు, విమానాల మీద పనిచేసిన ఇంజనీరు. 1946 నాటి ఆ స్కూటరుకు ముందు చక్రం ఒక పక్క నుంచే పట్టుకుని ఉంటుంది. విమానం కాలు చూసి తెచ్చిన ఏర్పాటు అది. రెండో పక్క ఖాళీగా ఉండడంతో పంక్చరైన చక్రాన్ని కారు చక్రంలా విప్పేయవచ్చు. స్టెప్నీ తగిలించుకు తిరిగిన చేతక్ తరానికి ఆ సౌకర్యం విలువ బాగా తెలుసు.

అక్షరాల చిక్కుముడిలో స్ప్రింగు సూత్రం

స్ప్రింగును ఎంత బలంతో నొక్కితే అంత కుంచించుకుంటుంది, బలం రెట్టింపైతే కుంచించుకోవడమూ రెట్టింపే. ఈ సూత్రం కనుక్కున్న రాబర్ట్ హుక్ దాన్ని 1676లో అక్షరాలన్నీ కలగలిపిన చిక్కుముడిగా అచ్చువేయించాడు. ఇతరులు కాజేయకుండా, కనుక్కున్నది తానేనని నిరూపించుకునేందుకు అప్పటి శాస్త్రవేత్తలు వాడిన ఉపాయం అది. చిక్కు విప్పి అర్థం చెప్పింది 1678లో. ఇప్పుడు ఫోర్కు స్ప్రింగు కొనేటప్పుడు పెట్టె మీద ఉండే అంకె ఆ సూత్రానిదే. ఒక మిల్లీమీటరు కుంచించడానికి ఎన్ని కిలోల బరువు కావాలో అది చెబుతుంది.

తీగ కాస్త లావైతే చాలు

స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. తీగ మందం 10 శాతం పెంచితే గట్టిదనం దాదాపు 46 శాతం పెరుగుతుంది. అందుకే చేత్తో పట్టుకుని చూస్తే రెండు స్ప్రింగులు ఒకేలా కనిపించినా బండి మీద తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కంటితో చూసి స్ప్రింగు ఎంచకూడదు, అంకె అడిగి తీసుకోవాలి.

ఇంకో సంగతి. స్ప్రింగును కోసి రెండు చుట్లు తగ్గిస్తే మెత్తబడుతుందని కొందరి నమ్మకం. జరిగేది దానికి వ్యతిరేకం. చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. పది చుట్లలో ఒకటి తీసేస్తే 11 శాతం గట్టిపడినట్టే. బండి ముందుభాగాన్ని కిందికి దించాలని స్ప్రింగు కోయించినవారికి బండి దిగడంతోపాటు కుదుపు పెరగడానికి కారణం ఇదే.

ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగు గట్టిపడదు

కొన్ని బైకుల ఫోర్కు పైన తిప్పే ప్రీలోడ్ నట్టు ఉంటుంది. దాన్ని బిగిస్తే షాకప్ గట్టిపడుతుందని అందరూ అనుకుంటారు. చుట్టు చుట్టుకూ దూరం ఒకేలా ఉన్న స్ప్రింగు విషయంలో అది నిజం కాదు. ప్రీలోడ్ మార్చేది బండి ఎత్తును మాత్రమే. మనం కూర్చున్నప్పుడు ముందుభాగం ఎంత దిగాలో అది నిర్ణయిస్తుంది. స్ప్రింగు గట్టిదనం తీగలో, చుట్లలో ఉంటుంది, నట్టులో ఉండదు. బరువైన మనిషి మెత్తటి స్ప్రింగు మీద ప్రీలోడ్ పూర్తిగా బిగించినా గట్టి బ్రేకులో ఫోర్కు చివరిదాకా వెళ్ళి కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ చోట కావలసింది కొత్త స్ప్రింగు.

టేపు ఒకటి, తోడుగా ఇద్దరు

ఫోర్కు మీ బరువుకు సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి వర్క్‌షాపు అక్కర్లేదు. ముందు చక్రం గాలిలో ఉన్నప్పుడు మెరిసే గొట్టం ఎంత పొడవు బయట కనిపిస్తుందో కొలవండి. తర్వాత హెల్మెట్, బూట్లు, మామూలుగా మోసే సంచితో సహా బండెక్కండి. ఒకరు బండిని నిటారుగా పట్టుకుంటే, మరొకరు అదే గొట్టాన్ని మళ్ళీ కొలవాలి. రెండింటి తేడాయే సాగ్, అంటే మీ బరువుకు ఫోర్కు దిగిన దూరం.

రోడ్డు బండికి ఇది మొత్తం కదలికలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు ఉండడం మంచిది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ముందు ఫోర్కు కదలిక 130 మిల్లీమీటర్లు. కాబట్టి 32 నుంచి 43 మిల్లీమీటర్ల వరకు దిగితే సరే. అంతకన్నా బాగా ఎక్కువ దిగితే స్ప్రింగు మెత్తన, బాగా తక్కువ దిగితే గట్టిది. గొట్టాలు రాపిడితో కాస్త పట్టేస్తాయి కాబట్టి, బండిని ఒకసారి పైకి ఎత్తి వదిలి, ఒకసారి కిందికి నొక్కి వదిలి కొలిచి, సగటు తీసుకోవాలి.

రంధ్రాల లెక్క: వేగం రెట్టింపు, అడ్డు నాలుగింతలు

మన దేశంలో ఎక్కువగా తిరిగే బైకుల ఫోర్కుల్లో ఒక కడ్డీకి రంధ్రాలు ఉంటాయి. ఫోర్కు కదిలినప్పుడు ఆయిలు వాటిలోంచి దూరుతుంది. ఆ అడ్డే స్ప్రింగు ఊగులాటను ఆపుతుంది. ఇందులో ఒక చిక్కు ఉంది. ఆయిలు వేగం రెట్టింపైతే అడ్డు దాదాపు నాలుగింతలు అవుతుంది. బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు నెమ్మదిగా కదులుతుంది, అప్పుడు అడ్డు చాలక బండి ముందుకు ముక్కు వంచేస్తుంది. పదునైన గుంత అంచు తగిలినప్పుడు వేగంగా కదులుతుంది, అప్పుడు అడ్డు మరీ ఎక్కువై దెబ్బ నేరుగా మణికట్టుకు తగులుతుంది. ఒకే బండి ఒకేసారి మెత్తగానూ గట్టిగానూ ఎందుకనిపిస్తుందో దీనితో అర్థమవుతుంది.

దీనికి మందు కార్ట్రిడ్జ్ ఫోర్కు. అందులో రంధ్రాలను పలచటి ఉక్కు బిళ్ళల దొంతర మూసి ఉంచుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ బిళ్ళలు వంగి దారి ఇస్తాయి. పాత తరహా ఫోర్కు ఉన్నవారికి మధ్యేమార్గం ఒకటుంది. అమెరికాలో రేస్ టెక్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఎమ్యులేటర్ అనే చిన్న వాల్వును కడ్డీ నెత్తిన కూర్చోబెట్టి, కిందనున్న రంధ్రాలను పెద్దవి చేస్తారు. గొట్టాలు పాతవే, ప్రవర్తన మాత్రం కార్ట్రిడ్జ్‌కు దగ్గరగా వస్తుంది.

డబ్బా మీద 10డబ్ల్యూ, లోపల వేరే చిక్కదనం

ఫోర్కు ఆయిలు డబ్బాల మీద 5డబ్ల్యూ, 10డబ్ల్యూ, 15డబ్ల్యూ అని ఉంటుంది. ఒక కంపెనీ 10డబ్ల్యూ చిక్కదనం మరో కంపెనీ 10డబ్ల్యూతో కలవాలన్న నియమం లేదు. తెలిసినవాళ్ళు డబ్బా వెనక, లేదా కంపెనీ సమాచార పత్రంలో 40 డిగ్రీల దగ్గర చిక్కదనం ఎన్ని సెంటీస్టోక్సో చూస్తారు. నమ్మదగ్గ అంకె అదే. బ్రాండు మార్చినప్పుడు ఈ అంకె కలిపి చూసుకోకపోతే, గట్టిపరచాలనుకున్న ఫోర్కు మెత్తబడవచ్చు.

వేడికి ఆయిలు పలచబడుతుంది. ఎండలకు పేరుమోసిన పల్నాడు రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ఒకలా ఊగే షాకప్, సున్నా దరిదాపులకు చలి దిగే లంబసింగిలో జనవరి తెల్లవారుజామున మరోలా బిగుస్తుంది. వేడికీ చలికీ తక్కువ మారే మంచి ఆయిలుకు ఖర్చు కాస్త ఎక్కువైనా అందుకే పెట్టవచ్చు.

గాలి కూడా స్ప్రింగే

ఫోర్కులో ఆయిలు పైన కొంత ఖాళీ ఉంటుంది. ఫోర్కు దిగుతుంటే అక్కడి గాలి నలిగి, చివరి భాగంలో రెండో స్ప్రింగులా పనిచేస్తుంది. పూర్తిగా దిగాక ఆ ఖాళీ వంద మిల్లీమీటర్లే మిగిలే ఫోర్కు 130 మిల్లీమీటర్లు దిగితే గాలి ఒత్తిడి రెట్టింపు దాటిపోతుంది. అందుకే ఆయిలును మిల్లీలీటర్లలో పోయడంతో సరిపెట్టకుండా, స్ప్రింగు తీసి, ఫోర్కును పూర్తిగా నొక్కి, పై అంచు నుంచి ఆయిలు ఎంత లోతులో ఉందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. మట్టం కొద్దిగా పెంచితే మొదటి భాగంలో మెత్తదనం అలాగే ఉండి, చివరలో కొట్టుకోవడం మాత్రం తగ్గుతుంది. అతిగా పెంచితే ఆయిలును ఆపే సీలు తన్నుకుని బయటికి వస్తుంది. ఫోర్కు రెండు కాళ్ళలో, అంటే రెండు పక్కల గొట్టాల్లో, మట్టం కంపెనీ చెప్పినట్టు ఉండాలి, కంటి అంచనా పనికిరాదు.

ముక్కు వంచడంలోనూ మేలుంది

ముందు బ్రేకు నొక్కితే ఫోర్కు దిగుతుంది. దిగినప్పుడు ఫోర్కు వాలు కాస్త నిటారై, బండి చురుగ్గా మలుపు తిరుగుతుంది. రేసు రైడర్లు మలుపులోకి బ్రేకు పట్టుకునే వెళ్ళడానికి ఇదొక కారణం. అదే దిగడం హఠాత్తుగా, అదుపు లేకుండా జరిగితే ముందు టైరు పట్టు వదులుతుంది. దిగడం తప్పు కాదు, దబ్బున దిగడం తప్పు.

అసలు దిగకుండా చేసిన ఫోర్కులూ ఉన్నాయి. ఎర్నీ ఎర్ల్స్ పేరుతో వచ్చిన ఫోర్కును బీఎండబ్ల్యూ 1955 నుంచి 1969 దాకా వాడింది. అందులో బ్రేకు పడితే ముందుభాగం కాస్త పైకి లేస్తుంది కూడా. 1993లో అదే కంపెనీ ఆర్1100ఆర్ఎస్‌తో బ్రేకు బలాన్ని ఫ్రేముకు మళ్ళించే టెలీలీవర్ తెచ్చింది. హోండా గోల్డ్ వింగ్ 2018లో కారు తరహా డబుల్ విష్‌బోన్‌కు మారింది. ఇన్ని వచ్చినా మోటోజీపీ రేసు బండ్లన్నీ ఇప్పటికీ టెలిస్కోపిక్ ఫోర్కుతోనే పరుగెడుతున్నాయి. ముందు టైరు కింద ఏం జరుగుతోందో రైడర్ చేతికి అంత స్పష్టంగా తెలిపేది మరొకటి లేకపోవడమే కారణం.

తలకిందుల ఫోర్కు ఎందుకు?

మామూలు ఫోర్కులో సన్న గొట్టం పైన, లావు గొట్టం కింద. తలకిందుల ఫోర్కులో లావుది పైన బిగుస్తుంది, సన్నది చక్రం దగ్గర ఉంటుంది. బ్రేకు పట్టినప్పుడు ఫోర్కును వంచే బలం అన్నిటికన్నా ఎక్కువ పడేది హ్యాండిల్ కింది బిగింపు దగ్గర. అక్కడ లావు గొట్టం ఉంటే వంపు తగ్గుతుంది. 2012లో వచ్చిన కేటీఎం డ్యూక్ 200తో 43 మిల్లీమీటర్ల తలకిందుల ఫోర్కు మన కుర్రకారుకు చేరువైంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ మొదటిసారి ఇలాంటిది పెట్టింది సూపర్ మీటియర్ 650కి.

అదే కంపెనీ హిమాలయన్ కథ గమనించదగ్గది. 2016 నాటి పాత హిమాలయన్‌కు 41 మిల్లీమీటర్ల మామూలు ఫోర్కు, 2023లో వచ్చిన 450కి 43 మిల్లీమీటర్ల తలకిందుల ఫోర్కు. కదలిక మాత్రం రెండింటికీ 200 మిల్లీమీటర్లే. ఖరీదైన ఫోర్కు వచ్చిందంటే మెత్తదనం పెరిగిందని కాదు, నిలకడ పెరిగిందని అర్థం.

రెండు కాళ్ళు, రెండు పనులు

ఫోర్కులో రెండు కాళ్ళూ ఒకేలా ఉండాలన్న నియమం లేదు. షోవా తయారీలో ఒక తరహా ఫోర్కుకు స్ప్రింగు ప్రధానంగా ఒక కాలిలో, ఆయిలు వాల్వులు రెండో కాలిలో ఉంటాయి. డబ్ల్యూపీ అనే సంస్థ ఫోర్కులు కొన్నిటిలో ఒక కాలు కిందికి దిగే కదలికను, మరొకటి పైకి లేచే కదలికను చూసుకుంటుంది. కింద రెండింటినీ కలిపి ఉంచే ఇరుసు గట్టిగా ఉండడంతో ఇది సాధ్యమైంది. ఇలాంటి ఫోర్కు విప్పినప్పుడు ఏ కాలి సామాను ఆ కాలిలోకే వెళ్ళాలి.

కదలిక పెంచితే సీటూ లేస్తుంది

ఇంటర్‌సెప్టర్ 650 ముందు ఫోర్కు కదలిక 110 మిల్లీమీటర్లు, క్లాసిక్ 350ది 130, హీరో ఎక్స్‌పల్స్ 200ది 190. అదే ఎక్స్‌పల్స్ 4వీ ప్రో రకానికి 250. మోటోక్రాస్ బండ్లలో ఇది 300 దాటుతుంది. ఎక్కువ ఉంటే మేలేనా? ఎక్స్‌పల్స్ ప్రో సీటు ఎత్తు 891 మిల్లీమీటర్లు. ఆ ఎత్తులో నేలకు కాలు అందని మనిషికి సిగ్నల్ దగ్గర ఆగడమే పరీక్ష.

అంత కదలిక నిజంగా కావలసిన చోటు డాకర్ ర్యాలీ లాంటిది. 2015లో బెంగళూరుకు చెందిన సీఎస్ సంతోష్ ఆ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడు. ఇసుక దిబ్బల మీద, రాళ్ళ మీద వేల కిలోమీటర్లు వెళ్ళే బండికి ఉన్నంత కదలిక ఊళ్ళో ఆఫీసుకు వెళ్ళే బండికి అక్కర్లేదు.

స్పీడు బ్రేకరుకూ కొలత ఉంది

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన ప్రకారం గుండ్రటి స్పీడు బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటేలా దాన్ని లెక్కగట్టారు. మన కాలనీల్లో కనిపించే ఇరుకు దిబ్బలు ఈ కొలతకు దగ్గరలో కూడా ఉండవు. అదే ఎత్తును అడుగు వెడల్పులో ఎక్కించినప్పుడు ఫోర్కు కదలాల్సిన వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మన రోడ్ల మీద సీళ్ళు, గొట్టాల మధ్య ఉండే బుష్షులు త్వరగా అరగడంలో షాకప్ తప్పు కన్నా దిబ్బ తప్పే ఎక్కువ.

బంగారు రంగు వెనక

1976లో స్వీడన్‌లో కెంత్ ఓలిన్ స్థాపించిన ఓలిన్స్ సంస్థ ఫోర్కులు బంగారు రంగుకు పేరుపొందాయి. ఫోర్కుల సన్న గొట్టాలకు వేసే టైటానియం నైట్రైడ్ పూతకు సహజంగానే బంగారు ఛాయ ఉంటుంది. గట్టిదైన ఆ పూత మీద సీలు తేలిగ్గా జారుతుంది, రాపిడి తగ్గుతుంది. బయటి లావు గొట్టానికి వేసే బంగారు రంగుకు ఈ గుణంతో సంబంధం లేదు. రంగు చూసి ఫోర్కు కొనేవారు ఆ రంగు ఏ గొట్టం మీద ఉందో, ఎందుకుందో అడగాలి.

రేసులో నిషేధం, రోడ్డు మీద స్వాగతం

రోడ్డును చదువుతూ క్షణక్షణం తనను తాను సర్దుకునే ఎలక్ట్రానిక్ ఫోర్కు మోటోజీపీలో నిషిద్ధం. అక్కడ మెకానిక్ చేత్తో తిప్పి సరిచేయాల్సిందే. షోరూములో అమ్మే డుకాటి మల్టీస్ట్రాడాకు మాత్రం 2013 నుంచే అలాంటి సస్పెన్షన్ ఉంది. బండి ఎత్తు మార్చే పరికరాలను కూడా మోటోజీపీ 2027 నుంచి పూర్తిగా పక్కన పెడుతోంది. ప్రపంచంలోకెల్లా వేగమైన బండ్లు కూడా స్ప్రింగు, ఆయిలు, మనిషి చేతి సర్దుబాటు మీదే ఆధారపడుతున్నాయంటే, సరిగ్గా సర్దిన మామూలు ఫోర్కును తక్కువగా చూడనక్కర్లేదు.

సముద్రపు గాలి, ఎండిన బురద

ఆయిల్ సీలు తనంతట తాను చిరగడం తక్కువ. మెరిసే గొట్టం మీద ఎండిన బురద, అతుక్కున్న పురుగులు, తుప్పు చుక్కలు దాని అంచును కోస్తాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్ళలో ఉప్పు గాలికి క్రోమ్ పూత మీద చిన్న చిన్న గుంటలు పడతాయి. అలాంటి గొట్టానికి ఎన్ని కొత్త సీళ్ళు వేసినా మళ్ళీ కారుతుంది. ముందు గొట్టం బాగుచేయించాలి, లేదా మార్చాలి. వారానికోసారి తడి గుడ్డతో తుడవడం, బుల్లెట్‌కు వేసే తరహా రబ్బరు తొడుగులు వేయడం చవకైన కాపుదల. కారే ఆయిలును మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు. అది జారి డిస్కు మీదికి, బ్రేకు ప్యాడ్ల మీదికి చేరితే ముందు బ్రేకు పోయినట్టే.

నింద ఫోర్కుది, దోషం కోన్ సెట్‌ది

బండి ముందుభాగం కొట్టుకుంటోందంటే చాలామంది షాకప్‌లే విప్పిస్తారు. ముందు చక్రాన్ని నేలకు తగలకుండా లేపి, ఫోర్కు కింది భాగాన్ని ముందుకూ వెనక్కూ లాగండి. టకటకమంటే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగు, వదులైందేమో చూడాలి. హ్యాండిల్ తిప్పుతుంటే నడిమధ్యలో పట్టుకున్నట్టు అనిపిస్తే బేరింగు గాడి పడింది. అవి బాగుచేయకుండా ఫోర్కు మీద పెట్టిన డబ్బు వృథా.

చక్రం తిరిగి బిగించేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది. ఇరుసు బిగించాక, దాన్ని పట్టి ఉంచే చిన్న బోల్టులు బిగించే ముందు, బ్రేకు పట్టి ఫోర్కును నాలుగైదుసార్లు నొక్కి వదలాలి. అప్పుడు రెండు కాళ్ళూ సమాంతరంగా కుదురుకుంటాయి. ఈ ఒక్క పని మరిచిపోతే కొత్త ఫోర్కు కూడా పట్టేసినట్టు కదులుతుంది.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. ఆయిలు, సీళ్ళు మార్చడం మామూలు నిర్వహణ. వేరే బండి ఫోర్కును మొత్తంగా తెచ్చి అమర్చడం పెద్ద మార్పు. దానికి ముందు రవాణా శాఖ కార్యాలయంలోనూ, బీమా సంస్థలోనూ అడిగి తెలుసుకోవడం యజమాని బాధ్యత.

పైగా మొత్తం ఫోర్కు మార్చడం రెండు గొట్టాలతో పోదు. వాటిని పట్టే పై, కింది బిగింపులు, ఇరుసు, చక్రం హబ్బు, బ్రేకు క్యాలిపర్, ఏబీఎస్ సెన్సరు అన్నీ కుదరాలి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి, సెన్సరు కుదరకపోతే ఉన్న భద్రత కాస్తా పోతుంది. పొడవు కొద్దిగా తేడా వచ్చినా ఫోర్కు వాలు మారి, బండి నడక మొత్తం మారుతుంది.

డబ్బు ఏ వరసలో పెట్టాలి?

మొదట టైరు గాలి, కోన్ సెట్, కొత్త ఆయిలు, సీళ్ళు, అరిగిన బుష్షులు. పాత ఆయిలు బూడిదరంగులో వస్తే లోపల లోహం అరుగుతోందని గుర్తు. చాలా బండ్ల రోగం ఈ మెట్టులోనే కుదురుతుంది. తర్వాత సాగ్ కొలిచి, మీ బరువుకు తగ్గ స్ప్రింగులు. అప్పటికీ గుంత అంచుల దెబ్బ చేతికి తగులుతుంటే, బ్రేకులో ముక్కు దబ్బున దిగుతుంటే ఎమ్యులేటర్ గానీ కార్ట్రిడ్జ్ గానీ. మొత్తం ఫోర్కు మార్పిడి అన్నిటికన్నా చివరిది, అది కూడా రేసుకో ర్యాలీకో వెళ్ళేవారికి.

ఏ మెట్టులోనైనా ఒకసారి ఒక్కటే మార్చాలి. ఆయిలు, స్ప్రింగు, ప్రీలోడ్ మూడూ ఒకేరోజు మారిస్తే మేలు దేనివల్ల జరిగిందో, కీడు దేనివల్ల వచ్చిందో తేలదు. మార్చే ముందూ, మార్చాకా అదే రోడ్డు మీద, అదే వేగంతో, టైరులో అంతే గాలితో నడిపి చూడండి. ఆయిలు మట్టం, సాగ్, ప్రీలోడ్ చుట్లు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. రేపు ఆ బండి మరొకరి చేతికి వెళ్ళినా, మెకానిక్ మారినా ఆ పుస్తకం చూసి పని మొదలుపెట్టవచ్చు.